ప్రాసెసర్ ఇప్పుడే కొనాలా, అధిక మాసం దాకా ఆగాలా?

మొగల్రాజపురం ఎడిటర్
నమస్కారం. విజయవాడలో పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంటాను. నా దగ్గర ఉన్నది 2017 నాటి ఇంటెల్ ఐ5-7400 ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు. తెనాలి, గుడివాడ వైపు స్టూడియోలు పంపే ఫుటేజీ అంతా ఇప్పుడు 10-బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ, అంటే రంగుల వివరం ఎక్కువగా ఉంచి కుదించిన వీడియో రకం. టైమ్‌లైన్ మీద పెట్టగానే బొమ్మ నిలబడిపోతుంది. రాత్రి ప్రాక్సీలకు (ఎడిటింగ్ కోసం చేసే తేలికపాటి నకళ్ళకు) పెట్టి పడుకుంటే తెల్లవారాక పని మొదలవుతుంది.

మూఢం ఈ 2026 ఫిబ్రవరి మూడో వారంలో వెళ్తుంది. అక్కడి నుంచి మే 17న అధిక జ్యేష్ఠం వచ్చేదాకా సీజను. మిషను మార్చాలంటే ఈ ఖాళీలోనే మార్చాలి. కానీ ఇంటెల్ ఏమో 2026 చివర్లో నోవా లేక్ అనే కొత్త తరం ప్రాసెసర్లు తెస్తానంటోంది. ర్యామ్ ధర చూస్తే కొనబుద్ధి కావడం లేదు. ఏం చేయమంటారు?

అరండల్‌పేట అసెంబ్లర్
కొనండి. ఏఎమ్‌డీ ప్రాసెసర్ రైజెన్ 7 9700ఎక్స్, దానికి సరిపోయే ఏఎమ్5 సాకెట్ బోర్డు, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్. ఈ సాకెట్‌కు (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటుకు) 2027 దాకా, ఆ తర్వాత కూడా మద్దతు ఉంటుందని ఏఎమ్‌డీ స్వయంగా చెప్పింది. రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. ర్యామ్ ధర తగ్గుతుందని కూర్చుంటే మాత్రం కష్టం. 2025 అక్టోబరు ధరకు ఇప్పుడు రెట్టింపు దాటింది.

పటమట మాస్టారు
ఆగండి. కంగారుగా కొన్న కంప్యూటర్ ఎలా ఉంటుందో మీ బల్ల మీదే ఉంది. మీ 7400 జనవరి 2017లో వచ్చిన తరం. అదే ఏడాది అక్టోబరులో ఎనిమిదో తరం వచ్చింది. పిన్నుల సంఖ్య అదే 1151, అయినా పాత బోర్డులో పని చేయదు. పైగా ఏ ప్రాసెసర్ల మీద నడవాలో విండోస్ 11 గీత గీసింది సరిగ్గా ఆ ఎనిమిదో తరం దగ్గరే. కొద్ది నెలలు ఓపిక పట్టినవాడు ఈనాటికీ నిశ్చింతగా ఉన్నాడు. పట్టనివాడు ఇక్కడ ప్రశ్న అడుగుతున్నాడు.

విండోస్ 10 గురించి ఎవరైనా భయపెడితే వినకండి. మామూలు మద్దతు 14 అక్టోబరు 2025తో ముగిసిన మాట నిజమే. కానీ పేరు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు అక్టోబరు 2026 దాకా వస్తాయి.

సత్యనారాయణపురం
మూఢంలో కొత్త వస్తువు కొంటారా ఎవరైనా?

అరండల్‌పేట అసెంబ్లర్
మాస్టారూ, మీరు చెప్పిన కథలో తప్పు సమయానిది కాదు, సాకెట్‌ది. అదే 2017లో ఏఎమ్‌డీ వారి ఏఎమ్4 బోర్డు కొన్నవారు 2022లో బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి కొత్త ప్రాసెసర్ 5800ఎక్స్3డీ పెట్టుకున్నారు. అయిదేళ్ళ తర్వాత, అదే బోర్డు మీద! వారు ఆగలేదు, సరైనది కొన్నారు. ఇక ఆగిన వారి సంగతి నన్నడగండి. 2020లో 'ఇంకో రెండు నెలలు' అన్నవారు 2021లో గ్రాఫిక్స్ కార్డు కోసం రెట్టింపు ఇచ్చి వెళ్ళారు.

ఏలూరు రోడ్డు డీటీపీ
మా దగ్గర పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 మీద, అను ఫాంట్లతో ఇప్పటికీ పుస్తకాలు తయారవుతున్నాయి. ఆ పేజ్‌మేకర్ 2001లో వచ్చింది. ప్రాసెసర్ వల్ల ఏ పుస్తకమూ ఆగలేదు. ప్రూఫులు దిద్దేవారి వల్ల ఆగినవి చాలా ఉన్నాయి.

మొగల్రాజపురం ఎడిటర్
డీటీపీ గారూ, అక్షరాలు కదలవు కదండీ.

బ్రాడీపేట
శాతవాహన రైలు ఎక్కి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్ళి కొనండి. రానుపోను ఖర్చులు పోనూ మిగులుతుంది.

అరండల్‌పేట అసెంబ్లర్
వారంటీకి మళ్ళీ శాతవాహన ఎక్కుతారా? సీజనులో బోర్డు పోతే ఎవరు తిరుగుతారు?

పటమట మాస్టారు
నేను అడిగిన దానికి జవాబు రాలేదు. కొత్త తరం వచ్చినప్పుడు పాత ప్రాసెసర్ ధర తగ్గుతుందా, తగ్గదా? అవును, కాదు, రెండింటిలో ఒకటి చెప్పండి.

అరండల్‌పేట అసెంబ్లర్
తగ్గవచ్చు. ప్రాసెసర్ మీద రెండు వేలు తగ్గి, ర్యామ్ మీద అయిదు వేలు పెరిగితే ఆయనకు ఒరిగేది ఏమిటి? ప్రాసెసర్ విడిగా పని చేయదు మాస్టారూ. ర్యామ్ చిప్పులు ప్రధానంగా తయారు చేసేది శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ముగ్గురూ ఏఐ సర్వర్లకు కావలసిన మెమరీ వైపు మళ్ళారు. క్రూషియల్ పేరుతో మనలాంటి వారికి అమ్మే వ్యాపారాన్నే మానుకుంటున్నట్టు మైక్రాన్ డిసెంబరు 2025లో ప్రకటించింది. మే నెలలో ఏ ధరకు దొరుకుతుందో నేను హామీ ఇవ్వలేను, మీరూ ఇవ్వలేరు.

పటమట మాస్టారు
'తగ్గవచ్చు' అన్నారు. గుర్తు పెట్టుకోండి అందరూ. తగ్గుతుందని ఒప్పుకున్నారు.

మంగళగిరి కలర్
అసలు విషయం వదిలేసి ఎటో వెళ్తున్నారు. ఎడిటర్ గారి బాధ 4:2:2. ఏఎమ్‌డీ ప్రాసెసర్లలో ఉండే గ్రాఫిక్స్ 10-బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీని హార్డ్‌వేర్‌లో విప్పవు. ఎన్‌విడియాలో ఆ పని 50 సిరీస్‌తోనే మొదలైంది, ఆయన 1050 టీఐ వల్ల కాదు. 9700ఎక్స్ కొంటే దానితోపాటు ఆర్‌టీఎక్స్ 50 కార్డు కూడా కొనాలి. అసెంబ్లర్ గారు ఆ మాట చెప్పలేదు.

కొత్త తరాల ఇంటెల్‌లో, లోపలి గ్రాఫిక్స్‌తో వచ్చే క్విక్ సింక్ ఆ పని చేస్తుంది. ఐ5-14500 చూడండి: 14 కోర్లు, యూహెచ్‌డీ 770 గ్రాఫిక్స్. దానికి సరిపోయే బీ760 బోర్డుల్లో డీడీఆర్4 రకం కూడా ఉంది. అది తీసుకుంటే ఇప్పుడున్న ర్యామ్‌నే పెట్టుకోవచ్చు, డీడీఆర్5 గొడవే లేదు. ఒక్క జాగ్రత్త: పేరు చివర 'ఎఫ్' ఉన్న ఇంటెల్ మోడల్ వద్దు, వాటిలో గ్రాఫిక్స్ ఉండవు. కార్డు కూడా ఉంటే బయోస్‌లోకి వెళ్ళి లోపలి గ్రాఫిక్స్‌ను ఆన్ చేయాలి. చాలామంది అది చేయక, క్విక్ సింక్ పని చేయడం లేదని తిట్టుకుంటారు.

పటమట మాస్టారు
13, 14 తరాల ఇంటెల్ ప్రాసెసర్లు వోల్టేజీ ఎక్కువై పాడయ్యాయి కదా? ఆగస్టు 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్‌కు దిద్దుబాటు అప్‌డేట్) ఇచ్చి, వారంటీ రెండేళ్ళు పెంచింది ఎవరు? పైగా ఆ సాకెట్ కథ ముగిసింది. చచ్చిన సాకెట్‌లో డబ్బు పోయమంటున్నారా?

మంగళగిరి కలర్
పెంచిన వారంటీ జాబితాలో 14600కే ఉంది, ఐ7, ఐ9లు ఉన్నాయి. 14500 అందులో లేదు. బయోస్ మాత్రం కొత్తది వేసుకోవాలి. సాకెట్ సంగతి అంటారా, 7400ను ఇన్నేళ్ళు మార్చకుండా వాడిన మనిషి రెండేళ్ళకోసారి ప్రాసెసర్ మారుస్తారా?

కృష్ణలంక కట్స్
బాక్సులో వచ్చేదే కొనండి, లేకపోతే బాక్సు లేకుండా విడిగా వచ్చే ట్రే ప్రాసెసర్ అంటగడతారు. ట్రేకు కంపెనీ వారంటీ నేరుగా మనకు రాదు, అమ్మినవాడే దిక్కు.

అరండల్‌పేట అసెంబ్లర్
అంటగడతారు అంటే ఎవరు? పేరు పెట్టి చెప్పండి.

పటమట మాస్టారు
ఎందుకంత ఉలికిపాటు? 2017లో మా అబ్బాయి ఇంజనీరింగ్‌కు కంప్యూటర్ కావాలని ఒక షాపుకు వెళ్ళాను. 'ఇదే తాజా తరం సార్, రేపు కావాలంటే ఇదే బోర్డులో కొత్తది వేసుకోవచ్చు' అన్నారు. పీఎఫ్ డబ్బు. తర్వాత కొత్తది వేద్దామని వెళితే బోర్డు మార్చమన్నారు. ఆనాడు ఆ షాపులో ఒక్కరు 'ఆగండి సార్' అని ఉంటే చాలు. షాపువారు 'ఆగండి' అన్న రోజు ఒక్కటి చూపించండి, నేను ఈ చర్చలోంచి తప్పుకుంటాను.

అరండల్‌పేట అసెంబ్లర్
ఇదన్నమాట సంగతి. ఎవరో చెప్పిన మాటకు నన్ను బోనులో నిలబెట్టారు. ప్రాసెసర్ మీద నాకు మిగిలేది ఎంతో తెలుసా మీకు? ధర ఫోనులో చూసుకుని వచ్చి, దానికంటే వంద తగ్గించమంటారు. వారం తర్వాత ప్రింటర్ పని చేయకపోయినా నాకే ఫోను. ఎడిటర్ గారు నా షాపులో కొనక్కర్లేదు, ఆయనది విజయవాడ. నా మాట ఒక్కటే: పనిముట్టు మొండిగా ఉంటే మనిషి అరుగుతాడు. రాత్రంతా ప్రాక్సీలకు పోయే ఆ సమయానికి ధర కట్టండి, తర్వాత నోవా లేక్ గురించి మాట్లాడండి.

సత్యనారాయణపురం
ఫిబ్రవరిలో మంచి రోజు చూసి కొంటే ఇంత గొడవ ఉండదు.

కృష్ణలంక కట్స్
ధర కట్టమన్నారు కాబట్టి చెబుతున్నాను. నేనూ ఎడిటర్‌నే. రెండేళ్ళ క్రితం అప్పు చేసి మంచి మిషను తీసుకున్నాను. పని రెండింతలు త్వరగా అవుతోంది, నిజం. నాకు డబ్బు పెరిగిందా? లేదు. ఇదివరకు పెళ్ళి వీడియోకు పదిహేను రోజులు గడువు ఇచ్చే స్టూడియో ఇప్పుడు 'నీ దగ్గర కొత్త సిస్టమ్ ఉందిగా' అని వారంలో అడుగుతోంది. రేటు మాత్రం పాతదే. సంగీత్ వీడియో వేరు, ప్రీవెడ్డింగ్ పాట వేరు, రీల్స్ వేరు, అన్నీ అదే డబ్బులో. వేగం నేను కొన్నాను, అనుభవించేది స్టూడియోవారు. అసెంబ్లర్ గారూ, మీ లెక్కలో ఇది ఎక్కడ ఉంది?

అరండల్‌పేట అసెంబ్లర్
రేటు పెంచమని అడగండి.

కృష్ణలంక కట్స్
అడిగాను. ఆ స్టూడియో పని ఇప్పుడు ఇంకొకరు చేస్తున్నారు.

ఏలూరు రోడ్డు డీటీపీ
ఇది మాకూ తెలిసిన బాధే. ఫిల్ము తీసి ప్లేటు చేసే రోజుల్లో పేజీకి ఇచ్చిన గడువు వేరు. ఇప్పుడు రచయిత ఫోనులో పీడీఎఫ్ చూసి, రాత్రి పదకొండుకు నాలుగో దిద్దుబాటు పంపుతాడు. పేజీ రేటు అక్కడే ఉంది.

పటమట మాస్టారు
కృష్ణలంక గారి మాటతో నా వాదనకు బలం వచ్చింది. ఆదాయం పెరగనప్పుడు ఖర్చు ఎందుకు?

కృష్ణలంక కట్స్
మాస్టారూ, నా మాట మీ ఖాతాలో వేసుకోకండి. నేను ఆగమనలేదు. పాత మిషనుతో నేను చేయగలిగినవి సీజనుకు కొన్ని పెళ్ళిళ్ళే. కొత్తదానితో ఎక్కువ చేస్తున్నాను, అందుకే ఇల్లు గడుస్తోంది. ఒక్కో పెళ్ళికి మిగిలేది మాత్రం పెరగలేదు. కొనాలి, కానీ ఎంతలో కొనాలో స్టూడియో ఇచ్చే డబ్బును బట్టి చూసుకోవాలి. రైజెన్ 9000 సిరీస్, కొత్త కార్డు అంటూ లక్షన్నర పెడితే అది తీరేది ఎప్పుడు?

మొగల్రాజపురం ఎడిటర్
అందరికీ ధన్యవాదాలు. ఒక విషయం ముందే చెప్పవలసింది. డబ్బు చేతిలో లేదు, చీటీ పాడాలి. రెండు లక్షల చీటీ. ఈ నెల పాడితే చాలా కోత పడుతుంది, పోటీగా ఇద్దరు ఉన్నారు. మే దాకా ఆగితే కోత తగ్గుతుంది. అమ్మ ఆగమంటోంది. స్టూడియో ఆయన మాత్రం మార్చికి తొమ్మిది పెళ్ళిళ్ళు ఇస్తానన్నాడు, 'నీ సిస్టమ్ లాగుతుందా?' అని అడిగాడు.

పటమట మాస్టారు
ఇప్పుడు కదా అసలు లెక్క బయటికి వచ్చింది! నోవా లేక్ కాదు, ర్యామూ కాదు, చీటీ కోత. బాబూ, పనిముట్టు కోసం చీటీ తక్కువకు పాడటం అంటే వడ్డీకి తెచ్చినట్టే. ప్రాసెసర్ ధర తగ్గినా తగ్గకపోయినా ఆ కోత తిరిగి రాదు. మీ అమ్మగారి మాట వినండి.

అరండల్‌పేట అసెంబ్లర్
తొమ్మిది పెళ్ళిళ్ళు వదులుకుంటే అవి తిరిగి వస్తాయా? ఆ స్టూడియో ఇంకొకరిని చూసుకుంటే అధిక మాసంలో కొన్న మిషనుతో ఏం కోస్తారు?

మంగళగిరి కలర్
రెండు లక్షలూ ఎందుకు కావాలి? 14500, డీడీఆర్4 బోర్డు. కేబినెట్, ఎస్‌ఎమ్‌పీఎస్ (కరెంటు సరఫరా పెట్టె), కార్డు, డిస్కులు ఉన్నవే. ర్యామ్ 16తో మొదలుపెట్టి, పాతది ఎవరైనా అమ్ముతుంటే ఇంకో 16 చూసుకోవచ్చు. ఈ రెండు వస్తువులకు చీటీ పాడక్కర్లేదు, స్టూడియో ఇచ్చే అడ్వాన్సు చాలావరకు సరిపోతుంది. బాక్సు ప్రాసెసర్‌తో కూలర్ కూడా వస్తుంది.

మొగల్రాజపురం ఎడిటర్
అడ్వాన్సు అడగవచ్చని నాకు తట్టలేదు. ఎప్పుడూ పని అయ్యాకే ఇస్తారు, అది కూడా రెండు విడతల్లో.

కృష్ణలంక కట్స్
అడగవలసింది అదే. తొమ్మిది పెళ్ళిళ్ళు మార్చిలోనే కావాలంటే సగం ముందే ఇమ్మనండి. ఇవ్వనంటే ఆ తొమ్మిదీ ఖాయం కాదని అర్థం, అప్పుడు మాస్టారు చెప్పినట్టు ఆగండి.

పటమట మాస్టారు
ఈ షరతు బాగుంది. కానీ చచ్చిన సాకెట్ అన్న మాట నేను వెనక్కి తీసుకోను.

అరండల్‌పేట అసెంబ్లర్
నేను కూడా ఏఎమ్5 మాటను వెనక్కి తీసుకోను. ఎడిటర్ గారూ, బోర్డు కొనేటప్పుడు పెట్టె మీద 'డీ4' లేదా 'డీడీఆర్4' అని ఉందో లేదో చూడండి. చాలా మోడళ్ళు రెండు రకాల్లోనూ వస్తాయి, మీ పాత ర్యామ్ డీడీఆర్5 బోర్డులోకి దూరదు. ఎస్‌ఎమ్‌పీఎస్ ఎన్ని వాట్లదో ఇక్కడ రాయండి, దానికి సీపీయూ పవర్ పిన్నులు నాలుగున్నాయో ఎనిమిదున్నాయో కూడా.

మొగల్రాజపురం ఎడిటర్
450 వాట్లు. పిన్నులు కేబినెట్ విప్పి చూసి చెబుతాను. స్టూడియో ఆయనకు ఫోను చేశాను, సోమవారం రమ్మన్నాడు.

సత్యనారాయణపురం
సోమవారం ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. తర్వాత వెళ్ళండి.