కాళ్ళు మడుచుకుంటున్నాడు, కారు సీటు ముందుకు తిప్పొచ్చా?

ప్రశ్న: మా బాబుకి 14 నెలలు, బరువు 10 కిలోలు. పిల్లల కారు సీటులో (కారు సీటు మీద బిగించే చిన్న సీటు) వెనక్కి చూసేలా కూర్చోబెడుతున్నాం. ఈమధ్య కాళ్ళు కారు వెనక సీటు ఆనుడుకి తగిలి మడుచుకుంటున్నాడు, ఎక్కించగానే ఏడుపు. "ముందుకు తిప్పేయండి, లేదంటే దగ్గరి దూరాలకి ఒళ్ళో పెట్టుకోండి" అంటున్నారు మా అత్తగారు. చట్టం ఒప్పుకుంటుందా? చాలా టెన్షన్‌గా ఉందండి.

జవాబు: ఇప్పుడే తిప్పకండమ్మా. కాళ్ళు మడుచుకోవడం మనకి ఇరుకుగా కనిపిస్తుంది గానీ, ఆ వయసు పిల్లలకి అది బాసింపట్టు వేసుకున్నట్టే. మీరు చూడాల్సింది మెడ. ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ, మెడ ఎముకలు ఇంకా గట్టిపడలేదు. ముందుకు చూసే బిడ్డ ఉన్న కారు ఎదురుగా దేన్నైనా గుద్దితే ఒళ్ళు పట్టీల దగ్గర ఆగుతుంది, తల మాత్రం ముందుకు విసురుగా పోతుంది. ఆ లాగుడంతా మెడ మీదే. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు కలిసి సీటులో ఒదుగుతాయి, దెబ్బ వీపంతా పరుచుకుంటుంది.

చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. ఐక్యరాజ్యసమితి ఆర్129 నిబంధన ప్రకారం తయారైన సీట్లలో 15 నెలలు దాటేదాకా వెనక్కే చూడాలి. అది కనీస హద్దు మాత్రమే. మాన్యువల్‌లో వెనక్కి చూసే తీరుకి రాసిన ఎత్తు, బరువు దాటేదాకా అలాగే ఉంచండి.

ఒళ్ళో మాత్రం వద్దే వద్దు. 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు సెకనులో పదోవంతులో ఆగిపోతే, మీ 10 కిలోల బాబుని పట్టుకోవడానికి దాదాపు 140 కిలోల బరువుని ఆపినంత బలం కావాలి. ఏ తల్లి చేతులూ ఆపలేవు.

ప్రశ్న: అర్థమైందండి. పట్టీలు ఎంత బిగించాలి? ముందు సీట్లో నా పక్కన పెడితే ఏడవడేమో?

జవాబు: ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో వెనక్కి చూసే సీటు ఎప్పుడూ పెట్టకూడదు. అది తెరుచుకుంటే నేరుగా బిడ్డ తల వెనకున్న సీటునే కొడుతుంది, ప్రాణమే పోవచ్చు. ఇంకొకరు నడుపుతుంటే మీరే వెనక బాబు పక్కన కూర్చోండి.

భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లినట్టు పట్టి చూడండి, మడత దొరికితే వదులుగా ఉన్నట్టే. వెనక్కి చూసినంతకాలం పట్టీలు భుజానికి సమంగానో, కాస్త కిందనుంచో రావాలి. మందపాటి స్వెటర్ మీద బిగిస్తే బిగిసినట్టు అనిపిస్తుందంతే. అది తీసేసి బిగించి, పైన దుప్పటి కప్పండి. సీటుని బెల్టు వెళ్ళే చోట పట్టుకుని ఊపండి, అంగుళానికి మించి కదలకూడదు.

ఏడుపు గురించి ఒక అనుమానం. పసిగుడ్డుగా ఉన్నప్పుడు సీటులో వేసిన మెత్త ఇంకా లోపలే ఉండి ఇరుకవుతోందా?

ప్రశ్న: మా అక్క వాళ్ళ పాత సీటు కాస్త పెద్దది. అది తీసుకోవచ్చా?

జవాబు: ఒక్కసారి యాక్సిడెంట్‌లో ఉన్నా, దాని మీది గడువు దాటినా వద్దు. మాన్యువల్ కూడా అడిగి తీసుకోండి.

ప్రశ్న: ఇప్పుడే చూశాం. మెత్త లోపలే ఉంది! 6 నెలలకే తీసేయాలని మాన్యువల్‌లో ఉంది. తీశాక పట్టీలు భుజాలకన్నా పైకి వచ్చాయి, ఒక మెట్టు దించాం. బాబు కూర్చుని కాళ్ళతో ఆడుకుంటున్నాడు.