ఆటోల్యూబ్ పంపు ఉంచాలా, పీకేసి పెట్రోల్లోనే ఆయిల్ కలపాలా? (1970 యమహా డిటి-1)

కొలంబస్ గ్యారేజీ:
అందరికీ నమస్తే. ఒహాయోలో ఉంటాను. పోయిన జూలైలో లెక్సింగ్టన్ దగ్గర మిడ్-ఒహాయో ట్రాక్‌లో జరిగే పాత బండ్ల సంతలో 1970 మోడల్ డిటి-1 కొన్నాను. 246 సీసీ, సింగిల్ సిలిండర్, టూ స్ట్రోక్. ఇంజిన్ బిగుసుకుపోయి ఉంది, మీద నిలబడి తొక్కినా కిక్కర్ దిగలేదు. శీతాకాలమంతా గ్యారేజీలో హీటర్ పెట్టుకుని విప్పాను. పిస్టన్‌కి సైలెన్సర్ వైపు గోళ్లతో గీరినట్టు నిలువు చారలు ఉన్నాయి. సిలిండర్ బోరు కొట్టించి (లోపలి గోడ కాస్త పెద్దది చేయించి) ఓవర్‌సైజ్ పిస్టన్ వేశాను. క్రాంక్ బేరింగులు, సీల్స్ అన్నీ కొత్తవే.

ఇప్పుడు ఆటోల్యూబ్ పంపు (వేరే ట్యాంకులోని ఆయిల్‌ని ఇంజిన్‌కి తనే అందించేది) దగ్గర ఆగిపోయాను. ఇక్కడి పెద్దవాళ్లు నలుగురిని అడిగితే నలుగురూ ఒకటే మాట: "తీసెయ్, ఆ చోట మూతగా ప్లేటు బిగించు, పెట్రోల్లో ఆయిల్ కలుపుకో." నాకు మనసొప్పడం లేదు. అలాగని ఇంత ఖర్చు పెట్టిన ఇంజిన్ మళ్లీ పట్టేస్తే తట్టుకోలేను. మీరేమంటారు?

ఎడారి దారి (అరిజోనా):
తీసెయ్యండి. ఆ పంపు వయసు యాభై ఏళ్లు దాటింది. గొట్టంలో ఒక్క గాలి బుడగ ఇరుక్కుంటే ఆయిల్ ఆగిపోతుంది, ఆగిందని మీకు చెప్పడానికి లైటు లేదు, మీటరు లేదు. తెలిసేసరికి వెనక చక్రం లాక్ అయి ఉంటుంది.

కలుపుకుంటే ఆ టెన్షన్ ఉండదు. ఒక గ్యాలనుకి 4 ఔన్సులు పోస్తే 32కి 1 (32 పాళ్ల పెట్రోల్‌కి ఒక పాలు ఆయిల్) అవుతుంది. మన లెక్కలో లీటరుకి 31 మి.లీ. ట్యాంకులో పెట్రోల్ ఉందంటే ఆయిల్ కూడా ఉన్నట్టే. నేను పాత బండ్ల మోటోక్రాస్‌లో తిరుగుతాను. నాతోపాటు వచ్చేవాళ్లలో ఒక్కరి బండికీ పంపు లేదు.

ఆటోనగర్ వాసి (విజయవాడ):
అరిజోనా అన్నా, రేసు బండి సంగతి వేరు. అది పది, ఇరవై నిమిషాలు ఫుల్ రేసులో (యాక్సిలరేటర్ మొత్తం తిప్పి) తిరిగి ఆగుతుంది. కొలంబస్ తమ్ముడి బండి కొండదారుల్లో తిరిగేది. రెండింటికీ ఒకే వైద్యం కుదరదు.

మా నాన్న ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు టూ స్ట్రోక్ ఇంజిన్లు చేశారు. ఆయిల్ కలిపే బండి మీద శ్రీశైలం వెళ్తున్నాం అంటే ఆయన చెప్పేది ఒకటే: "దోర్నాల ఘాట్ దిగేటప్పుడు రేసు పూర్తిగా మూసేసి గేర్లో వదిలెయ్యకు. క్లచ్ పట్టుకుని మధ్యమధ్యలో రేసు ఇస్తూ ఉండు." చిన్నప్పుడు ఎందుకో తెలిసేది కాదు. రేసు మూస్తే కార్బురేటర్ నుంచి పెట్రోల్ దాదాపు ఆగిపోతుంది. దాంతోపాటే ఆయిలూ ఆగిపోతుంది. ఇంజిన్ మాత్రం వాలు మీద గిర్రున తిరుగుతూనే ఉంటుంది. పిస్టన్ పొడిగా రాసుకునేది అప్పుడే.

పంపు ఉన్న బండికి ఆ బాధ తక్కువ. ఇంజిన్ తిరిగినంతసేపూ గేరు మీద పంపు తిరుగుతుంది. రేసు మూసినా కనీసపు చుక్క పడుతూనే ఉంటుంది, వేగంగా తిరిగితే ఆ చుక్కలు కూడా ఎక్కువవుతాయి. రేసు తెరిస్తే కేబుల్ పంపు కప్పీని లాగుతుంది, పంపు దెబ్బ (స్ట్రోక్) పొడుగవుతుంది, ఆయిల్ పెరుగుతుంది. అంటే ఎంత పని చేస్తే అంత ఆయిల్. యమహా వాళ్లు 1964లో వైఏ-6 మీద మొదటిసారి ఆటోల్యూబ్ పెట్టింది ఇందుకే. నాలుగేళ్ల తర్వాత వచ్చిన డిటి-1కీ అదే పెట్టారు. పెట్రోల్‌తో కలిపిన ఆయిల్‌కి ఈ తెలివి ఉండదు. న్యూట్రల్‌లో ఊరికే నిలబడినా అదే పాళ్లు, కొండెక్కినా అదే పాళ్లు. సిగ్నల్ దగ్గర పొగ, సైలెన్సర్ నిండా మసి అందుకే.

యాభై ఏళ్ల పంపు అన్నారు. పాడయ్యేది సాధారణంగా పంపు కాదు. రబ్బరు గొట్టం గట్టిపడి చీలుతుంది. షాఫ్టు సీలు కారుతుంది. చెక్ వాల్వులో (ఆయిల్‌ని ఒకవైపే వదిలేది) గోళీకి మట్టి పట్టి సరిగా కూర్చోదు, అప్పుడు బండి ఆగి ఉన్నప్పుడు ఆయిల్ మెల్లగా క్రాంక్‌లోకి దిగి పొద్దున్నే ఇల్లంతా పొగ. ఇవన్నీ ఇంట్లో కూర్చుని మార్చుకోగలిగినవే.

వికారాబాద్ రోడ్డు (హైదరాబాద్):
ఆటోనగర్ గారూ, మీరు చెప్పిన సూత్రం కరెక్టే. కానీ చేసే చెయ్యి ఎవరిది అన్నది కూడా చూడాలి కదా. నా 100 సీసీ బండికి రేసు కేబుల్ తెగితే ఒక మెకానిక్ కొత్తది వేశాడు. కార్బురేటర్ వైపు సరిచేశాడు, పంపు వైపు కేబుల్ వదులుగా వదిలేశాడు. పంపు కప్పీ మీది గుర్తు సరిగ్గా వస్తోందో లేదో చూడలేదు. నేను ఎంత రేసు ఇచ్చినా పంపు మాత్రం కనీసపు చుక్క దగ్గరే ఉండిపోయింది. వికారాబాద్ రోడ్డు మీద 70లో పోతుంటే ఇంజిన్ గొంతు మారింది, రెండు సెకన్లలో పట్టేసింది. వెనక మా పాప ఉంది. క్లచ్ పట్టుకోబట్టి పడలేదు.

ఆ రోజు నుంచి నా బండికి పంపు లేదు. వెయ్యి మందిలో ఎందరు ఆ గుర్తు చూసుకుంటారు? అందరికీ చెప్పాల్సిన సలహా అయితే తీసెయ్యమనే చెప్పాలి.

ఆటోనగర్ వాసి:
పాపకి ఏమీ కాలేదు, అదే చాలు అండి. ఆ భయం నాకు అర్థమవుతుంది.

కానీ ఇక్కడ అడిగినతను బండిని స్వయంగా నట్టు నట్టుగా విప్పినవాడు. అతనికి గుర్తు ఎక్కడుందో చూపిస్తే చాలు. తమ్ముడూ, పంపు వేస్తే ఇలా చెయ్యి. గొట్టాలు రెండూ మార్చు, పారదర్శకంగా ఉండేవే తీసుకో. కేబుల్ బిగించాక, మాన్యువల్ చెప్పిన మేరకు రేసు తిప్పితే కప్పీ మీద గుర్తు పక్కనున్న పిన్నుకి ఎదురు రావాలి. కనీసపు దెబ్బ గ్యాప్ ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి చూడు, తేడా ఉంటే షిమ్ముతో (పల్చటి వాషర్) సరిచెయ్. తర్వాత గాలి తీసే స్క్రూ విప్పి, పంపు మీదున్న చిన్న చక్రాన్ని బాణం చూపిన వైపు వేలితో తిప్పుతూ ఉండు. మొదట నురగ వస్తుంది. నురగ ఆగి ఆయిల్ ఒకే ధారగా వచ్చేదాకా తిప్పాలి, ఓపిక పట్టాలి. ఇంజిన్ వైపు గొట్టం కూడా నిండిందో లేదో కళ్లతో చూసుకో.

ఇంకొకటి. పంపు తీసేస్తే పని అక్కడితో అయిపోదు. 20కి 1 కలిపితే జెట్‌లోంచి (కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం) వెళ్లేదాంట్లో దాదాపు ఇరవయ్యో వంతు ఆయిలే, ఆ మేరకు పెట్రోల్ తగ్గుతుంది, మిక్చర్ లీన్ (గాలికి తగ్గ పెట్రోల్ లేకుండా) అవుతుంది. పంపుకి సరిపడా వేసిన మెయిన్ జెట్ అప్పుడు చిన్నదైపోవచ్చు. ప్లేటు బిగించేవాళ్లలో చాలామంది జెట్ సంగతి మర్చిపోతారు. ఆయిల్ పోసుకున్నాం కదా అన్న ధీమాతోనే పిస్టన్ కాల్చుకుంటారు.

ఎడారి దారి:
ఘాట్ దిగేటప్పటి మాట ఒప్పుకుంటాను. మేమూ లాంగ్ డౌన్‌హిల్‌లో రేసు కొడుతూ దిగుతాం, అది అలవాటైపోయింది. జెట్ విషయం కూడా నిజం, నేను ఒక సైజు పెంచుకున్నాను.

అయినా నా మాట మారదు. అడవిలో కొమ్మ తగిలి ఆ సన్నటి గొట్టం ఊడితే? కొలంబస్ గారూ, పెట్రోల్ సంగతి కూడా చూసుకోండి. మనకి ఇక్కడ 10 శాతం ఇథనాల్, ఇండియాలో 20 దాకా వచ్చింది. పాత రబ్బరు దేన్నీ నమ్మొద్దు, పెట్రోల్ పైపు, ట్యాప్ వాషర్లు కూడా.

వికారాబాద్ రోడ్డు:
కలుపుకునేవాళ్లకి నా వైపు నుంచి ఒక మాట. చలికాలం బండి పక్కన పెట్టేటప్పుడు కార్బురేటర్ బౌల్ ఖాళీ చెయ్యండి. పెట్రోల్ ఆవిరైపోయి ఆయిల్ మాత్రం మిగిలి జెట్‌లో జిగురులా పట్టేస్తుంది. ఒక సీజన్ నేను దానితోనే గడిపాను.

కొలంబస్ గ్యారేజీ:
మూడు వారాలకి తిరిగి రాస్తున్నాను. పంపు ఉంచాను.

విప్పి చూస్తే పాత గొట్టం చివర, క్లిప్పు కిందే, చీలిక ఉంది. వేలితో వంచితే తప్ప కనబడదు. ఈ ఇంజిన్ అప్పట్లో ఎందుకు పట్టేసిందో అదే చెప్పింది అనుకుంటున్నాను. కొత్త గొట్టాలు వేసి, ఆటోనగర్ అన్న చెప్పినట్టే చక్రం తిప్పుతూ కూర్చున్నాను. నలభై నిమిషాలు పట్టింది. చివరి బుడగ బియ్యపు గింజంత ఉంది, మలుపు దగ్గర ఆగిపోయింది. గొట్టాన్ని గోటితో తడుతూ తిప్పితే కదిలి పైకి వెళ్లిపోయింది.

అరిజోనా అన్న భయం కూడా వదిలెయ్యలేదు. మొదటి ట్యాంకులో పంపుతోపాటు 50కి 1 కలిపి పోశాను. పొగ బాగా వచ్చింది, కానీ ఆ ట్యాంకు అయ్యేలోపు పంపు నిజంగా ఆయిల్ ఇస్తోందో లేదో ఆయిల్ ట్యాంకు మీద టేపు అంటించి గీత పెట్టి చూశాను. రెండో ట్యాంకు ఉత్త పెట్రోల్. 9 లీటర్లకి 210 మి.లీ. ఆయిల్ దిగింది. అంటే దాదాపు 43కి 1, ఎక్కువగా మెల్లగా తిరిగిన దారులు. ప్లగ్ తీసి చూస్తే బెల్లం రంగులో ఉంది, అంటే మంట సరిగ్గా ఉన్నట్టే.

గొట్టానికి కొమ్మ తగలకుండా ఒక చిన్న అల్యూమినియం రేకు వంచి అడ్డం పెట్టాను. బండి ఎక్కే ముందు ప్రతిసారీ గొట్టంలో బుడగ ఉందేమో వంగి చూస్తున్నాను.

ఎడారి దారి:
ఆ రేకు ఫోటో పెట్టండి. నా బండికి ప్లేటే ఉంటుంది, కానీ మా గుంపులో కొత్తగా డిటి-1 కొన్నవాడు ఒకడున్నాడు, వాడికి మీ టేపు గీత పద్ధతి చూపిస్తాను.