పాల కేంద్రం యాప్ ఉచిత పరిమితి దాటింది: డబ్బు కట్టే ప్లాన్‌కు మారాలా, సొంత సర్వర్ పెట్టుకోవాలా?

పాలక్యాను:
మా మండలంలోని ఒక పాల సంఘానికి నేను తయారుచేసి ఇచ్చిన యాప్, డేటాను ఆన్‌లైన్‌లో ఉంచే గూగుల్ సేవ ఫైర్‌బేస్ ఉచిత ప్లాన్ అయిన స్పార్క్ మీద నడుస్తోంది. రైతు పోసిన పాల లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాల శాతం), రావలసిన మొత్తం కేంద్రంలో నమోదు కాగానే అతని ఫోన్‌లో కనిపిస్తాయి. సంఘంలో 600 మంది రైతులున్నారు. ఫైర్‌బేస్ డేటాబేస్ అయిన ఫైర్‌స్టోర్‌లో రోజుకు 50,000 డాక్యుమెంట్ రీడ్‌లు (ఒక పద్దును ఒకసారి చదివితే ఒక రీడ్), 20,000 రైట్‌లు (రాయడాలు) ఉచితం. రైట్‌ల విషయంలో ఇబ్బంది లేదు గానీ, పదిహేను రోజులకోసారి బిల్లు వేసే సమయంలో రీడ్‌లు అయిపోతున్నాయి. ఈ కోటా అమెరికా పసిఫిక్ కాలమానం ప్రకారం అర్ధరాత్రి తిరిగి మొదలవుతుంది, అంటే మన గడియారంలో మధ్యాహ్నం 12:30కి, అక్కడి చలికాలంలో 1:30కి. అందువల్ల ఇక్కడి సాయంత్రం పాలు, మర్నాటి ఉదయం పాలు ఒకే కోటాలో పడుతున్నాయి. తెల్లవారుజామున రైతులు క్యాన్లతో వరుసలో నిలబడి ఉండగా స్క్రీన్ మీద ‘రిసోర్స్ ఎగ్జాస్టెడ్’ (కోటా అయిపోయింది) అని వస్తోంది, గుమాస్తా మళ్లీ పాత రిజిస్టరు తీస్తున్నాడు. డబ్బు కట్టే బ్లేజ్ ప్లాన్‌కు మారమంటారా, సొంత సర్వర్ అద్దెకు తీసుకోమంటారా?

లెక్కల మాస్టారు:
ముందు ఒక సంగతి తేలాలి. రైతు యాప్ తెరిచిన ప్రతిసారీ ఎన్ని డాక్యుమెంట్లు చదువుతున్నారు? పూటకొక డాక్యుమెంటు చొప్పున పదిహేను రోజులకు 30 అవుతాయి. 600 మంది ఒక్కసారి తెరిస్తేనే 18,000 రీడ్‌లు. బిల్లు రోజున ఎవరైనా మూడుసార్లు చూసుకుంటారు కనుక 54,000 అవుతాయి, మీ కోటా అక్కడే ముగిసింది. ఆ 30 పద్దులనూ రైతుకు ఒక్కొక్కటి చొప్పున ఒకే సారాంశ డాక్యుమెంటులో పెడితే అదే పని 1,800 రీడ్‌లతో అయిపోతుంది. ఒక డాక్యుమెంటులో 1 ఎంబీ దాకా పడుతుంది కాబట్టి చోటుకు లోటు లేదు. మీ యాప్ ఇంకా ఉచిత పరిమితిని మించి ఎదగలేదు, డేటా అమరిక సరిగా లేదు, అంతే.

పాత సర్వర్:
మాస్టారు గారి లెక్క తప్పని అనను. అయితే ఉచితం అన్నది ఇచ్చేవాడి ఇష్టం మీద ఆధారపడి ఉన్నంత కాలం ఎంత పొదుపుగా చదివినా ప్రయోజనం లేదు. 2013లో ఫేస్‌బుక్ కొనుక్కున్న, ఫైర్‌బేస్ లాంటిదే అయిన పార్స్ సేవను 2016 జనవరిలో మూసివేస్తున్నామని ప్రకటించి, 2017 జనవరిలో మూసేశారు. యాప్‌లను తమ సర్వర్ల మీద నడిపే హెరోకు సేవ ఉచిత ప్లాన్లు 2022 నవంబరుతో ముగిశాయి. నేను వాడుతూ వచ్చిన మరొక సేవ (పేరు అనవసరం) ఉచిత ప్లాన్ తీసేసినప్పుడు, సరిగ్గా మా అమ్మాయి పెళ్లి పనుల మధ్య రాత్రిళ్లు కూర్చుని డేటా తరలించాను. నెలకు నిర్ణీత అద్దె ఉన్న చిన్న సర్వర్ తీసుకుని, అందులో పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్ పెట్టుకోండి. ఎన్నిసార్లు చదివినా ఎవరూ లెక్కపెట్టరు.

కృష్ణాతీరం:
ఫైర్‌బేస్ లాంటిదే మరో సేవ, సుపాబేస్ కూడా చూడండి. ఉచితంలో 500 ఎంబీ డేటాబేస్ ఇస్తారు, రీడ్‌కింత అని లెక్క ఉండదు. వారం రోజులు ఎవరూ వాడకపోతే ప్రాజెక్టును ఆపేస్తారు గానీ, పాల కేంద్రానికి ఆ బెడద రాదు.

లెక్కల మాస్టారు:
పాత సర్వర్ గారూ, తెల్లవారుజామున డిస్క్ నిండిపోతే లేచేది ఎవరు? బ్యాకప్ పనిచేస్తోందో లేదో చూసేది, సెక్యూరిటీ అప్‌డేట్లు వేసేది ఎవరు? నెల అద్దె చెప్పారు, మనిషి కూలి చెప్పలేదు.

నిశాచరుడు:
బ్లేజ్ గురించి ఒక్క మాట. అందులో ఖర్చుకు గట్టి కట్టడి ఏదీ లేదు. బడ్జెట్ అలర్ట్ పెట్టుకుంటే ఈమెయిల్ వస్తుంది, అంతే తప్ప సేవ ఆగదు. బిల్లింగ్‌ను తనంతట తానే తెంచేసే ఫంక్షన్ (దానంతట అదే నడిచే చిన్న ప్రోగ్రాము) రాసుకోవచ్చు గానీ, ఖర్చు వివరాలు ఆలస్యంగా అందుతాయి, పైగా అలా తెంచితే డేటా తిరిగి రాకుండా పోవచ్చని గూగుల్ పత్రాలే హెచ్చరిస్తున్నాయి. ఒక ఫంక్షన్ తాను రాసిన డాక్యుమెంటు వల్ల తానే మళ్లీ మేల్కొని, మళ్లీ రాసి, రాత్రంతా అలాగే తిరిగితే పొద్దున ఏమవుతుందో ఊహించుకోండి.

లెక్కల మాస్టారు:
ఇది లెక్క వేయకుండా భయపెట్టడం. బ్లేజ్‌లో కూడా రోజువారీ ఉచిత కోటా అలాగే ఉంటుంది, దాటినదానికే డబ్బు. లక్ష రీడ్‌లకు పడేది కొన్ని సెంట్లు. బిల్లు రోజున ఇరవై వేల రీడ్‌లు ఎక్కువైనా ఒక టీ ఖర్చు కూడా కాదు. మీరు చెబుతున్న సుడి ప్రోగ్రాము రాసిన తీరులోని లోపం, ప్లాన్‌ది కాదు.

పాత సర్వర్:
మాస్టారూ, ఇక్కడెవరూ మీ విద్యార్థులు కారు. సగటు ఖర్చు ఎంత అని అడిగినవారు లేరు. ఒక తప్పు జరిగిన రాత్రి గరిష్ఠంగా ఎంత అవుతుందన్నదే ప్రశ్న, దానికి మీ దగ్గర అంకె లేదు.

లెక్కల మాస్టారు:
మీ సర్వర్‌లోకి ఎవరైనా చొరబడి 600 మంది బ్యాంకు ఖాతా నంబర్లు పట్టుకుపోతే అయ్యే నష్టానికి మీ దగ్గర అంకె ఉందా?

పాలక్యాను:
ఇద్దరూ కాస్త ఆగండి. సారాంశ డాక్యుమెంటు చేయగలను, ఈ వారమే చేస్తాను కూడా. అసలు చిక్కు వేరు. బ్లేజ్‌కు మారాలంటే బిల్లింగ్ ఖాతాకు ఒక కార్డు ఇవ్వాలి. సంఘం కార్యదర్శిని అడిగితే, “ఉచితమనే కదండీ అప్పుడు చెప్పారు” అన్నారు. కాబట్టి పెట్టవలసింది నా సొంత కార్డు. సంఘం పని చేసిపెట్టినందుకు నేను పైసా తీసుకోలేదు. టీ ఖర్చు భరించడానికి నాకు అభ్యంతరం లేదు. హద్దు లేని బిల్లుకు, సంఘంలో సభ్యుడిని కూడా కాని నేను ఒక్కడినే జవాబుదారీ కావడం ఎందుకన్నదే నా బాధ. సొంత సర్వర్ పెట్టినా అంతే, దాని పాస్‌వర్డు, దాని రాత్రి కాపలా నా నెత్తినే.

లెక్కల మాస్టారు:
ఇది మొదటే రాసి ఉంటే ఇంత చర్చ ఉండేది కాదు. అయినా నా అభిప్రాయం చెబుతాను. రైతుల కోసం చేసిన పనికి నెలకు కొన్ని రూపాయలు పెట్టుకోవడాన్ని ఇంత పెద్ద విషయం చేయనవసరం లేదు. సంఘాన్ని అడిగితే అది చివరికి రైతు బిల్లులో మరో కోతగా తేలుతుంది. దాణా, పశువుల బీమా, అప్పు వాయిదా ఇప్పటికే అందులో కోస్తున్నారు.

పాత సర్వర్:
ఇక్కడే నేను మీతో పూర్తిగా విభేదిస్తాను. రైతుకు నెలకు ఒక్క రూపాయి చొప్పున కోసినా 600 రూపాయలు, చిన్న సర్వర్ అద్దెకో మీ బ్లేజ్ బిల్లుకో అది సరిపోతుంది. తూనిక యంత్రం చెడిపోతే సంఘమే బాగు చేయిస్తుంది కదా, పద్దులు రాసే యాప్ ఒక్కటీ దానధర్మం మీద ఎందుకు నడవాలి? సేవ పేరుతో ఒకరి మీదే వేసిన పని ఆ మనిషి ఊరు మారిన రోజున ఆగిపోతుంది.

నిశాచరుడు:
సంఘం పేరున కార్డు తీసుకున్నా ఒక జాగ్రత్త అవసరం. 2021 అక్టోబరు నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ప్రతి నెలా దానంతట అదే కోతపడే చెల్లింపుకు ముందుగా ఈ-మాండేట్ (ముందస్తు అనుమతి) నమోదు చేయాలి. లేకపోతే చెల్లింపు తిరిగివచ్చి సేవ ఆగిపోతుంది.

పాలక్యాను:
సంఘం పాలకవర్గానికి ఉత్తరం రాస్తున్నాను. ప్రాజెక్టు యజమానిగా సంఘం ఈమెయిల్, బిల్లింగ్‌కు సంఘం కార్డు, నా పేరు సాంకేతిక సాయం వరకే. ఒప్పుకుంటే బ్లేజ్‌కు మారతాను. ఒప్పుకోకపోతే ఉచిత కోటాలో నడిచినంత కాలం నడుస్తుంది, ఆగిన రోజున రిజిస్టరు ఉండనే ఉంది.

లెక్కల మాస్టారు:
ఆ నిర్ణయం మీ ఇష్టం, నేను ఇప్పటికీ ఏకీభవించను. ఒక్క ప్రశ్న మాత్రం మిగిలింది. కేంద్రంలోని స్క్రీన్ మొత్తం కలెక్షన్ (అన్ని పద్దుల సముదాయం) మీద లిజనర్ (మార్పులను ఎప్పటికప్పుడు తెప్పించుకునే ఏర్పాటు) పెట్టుకుని కూర్చుందా, లేక ఆ పూట తేదీకే పరిమితమా? నెట్ అరగంటకు మించి తెగి మళ్లీ వస్తే మొదటి నుంచి చదివినట్టే లెక్కవేస్తారు. మీ ఊళ్లో కరెంటు ఎలా ఉంటుందో మీకే తెలియాలి.