ఫ్రీజర్‌లోంచి తీసిన చిన్న మాంసాహార జంతువుల్లో బద్దెపురుగులకు కొక్కేలు ఉండటం లేదు. గుర్తించేదెలా?

తేటనీరు:
రోడ్డు మీద చనిపోయిన నక్కలు, ముంగిసలు, పునుగుపిల్లులను అనుమతితో సేకరించి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంచి, కరిగాక కోస్తున్నాం. చిన్నపేగులో బద్దెపురుగులు దొరుకుతున్నాయి గానీ చాలావాటికి తలే ఉండదు, తల ఉన్నా కొక్కేలు ఉండవు. గుండ్రటి పురుగులేమో చుట్టలు చుట్టుకుపోయి తోక కనబడనివ్వవు. జాతి దాకా వెళ్లే దారి ఉందా? ఇంకో సందేహం: ఫ్రీజ్ అయ్యాయి కదా, గుడ్ల భయం లేనట్టేనా?

మడ్డిగిన్నె:
రెండో సందేహమే ముందు తీరాలి. భయం ఉంది. ఎకినోకాకస్ అనే చిన్న బద్దెపురుగు గుడ్లు మనుషులకూ సోకుతాయి, అవి మైనస్ 20ని తట్టుకుంటాయి. మైనస్ 80లో కనీసం 3 రోజులు ఉంచాలి. కళేబరం మొత్తం పెడితే లోపలి దాకా చలి చేరడానికి సమయం పడుతుంది కాబట్టి వారం ఉంచడం మేలు. 70 శాతం ఆల్కహాల్‌నీ ఫార్మాలిన్‌నీ నమ్మొద్దు. వేడిని నమ్మొచ్చు: ట్రేలు, కత్తెరలు, జల్లెడలు మరిగే నీళ్లలో వేయండి, కడిగిన నీళ్లను కూడా మరిగించాకే పారబోయండి. టేనియా అనే మరో బద్దెపురుగు గుడ్లూ ఎకినోకాకస్ గుడ్లూ మైక్రోస్కోపులో ఒకేలా ఉంటాయి, కాబట్టి కళ్లతో చూసి ధైర్యం తెచ్చుకునే వీలు లేదు.

ఎకినోకాకస్ మల్టీలోక్యులారిస్ పెద్ద పురుగు పొడవు సుమారు 1.2 నుంచి 4.5 మిల్లీమీటర్లే. పేగును ఊరికే చీల్చి చూస్తే జిగురు అనుకుని వదిలేస్తారు. పేగును నాలుగైదు ముక్కలు చేసి, నిలువునా చీల్చి, లీటరు సెలైన్ ఉన్న సీసాలో వేసి గట్టిగా కుదపండి. ఒక్కో ముక్కను రెండు వేళ్ల మధ్య పట్టి లోపలి పొరను దూయండి. 15 నిమిషాలు కదపకుండా ఉంచి, పైతేట వంచేసి, మళ్లీ సెలైన్ పోయండి. తేట తేరేదాకా ఇలా చేసి, మడ్డిని 5–10 మిల్లీలీటర్ల చొప్పున గీతల పెట్రీ డిష్‌లో చూడండి.

స్లైడుపెట్టె:
కొక్కేలు మాయం కావు, రాలిపోతాయి. చావుతో, ఆపై గడ్డకట్టి కరగడంతో రోస్టెల్లం (తల కొన మీద కొక్కేలుండే బొడిపె) కణజాలం కుళ్లి వదులవుతుంది. కొక్కేలు గట్టివి కాబట్టి తల అతుక్కున్న చోటి జిగురులోనే పడుంటాయి. ఆ జిగురును స్లైడు మీద, కవర్‌స్లిప్ కింద వెతకండి. పురుగును పట్టి లాగితే తల పేగులోనే తెగి ఉండిపోతుంది. బతికున్న పురుగైతే, అతుక్కున్న పేగు ముక్కతో సహా సెలైన్‌లో ఫ్రిజ్‌లో పెడితే కొన్ని గంటల్లో తనే వదులుతుంది. ఫ్రీజరు పురుగు వదలదు, సూదితో చుట్టూ పొరను విడదీయాల్సిందే. దొరికిన తలను నొక్కి, పెద్ద కొక్కేలూ చిన్న కొక్కేలూ విడివిడిగా లెక్కపెట్టి పొడవు కొలవండి. టేనియా జాతుల మధ్య తేడా ప్రధానంగా అక్కడే తేలుతుంది. అసలు కొక్కేలే లేని బద్దెపురుగూ ఉంది: జననరంధ్రం ఖండితం (బద్దెలోని ఒక్కో గడి) అంచున కాకుండా పొట్టవైపు మధ్యలో ఉంటే అది మెసోసెస్టాయిడిస్. ఖండితానికి రెండు అంచులా రంధ్రాలుంటే డిపైలీడియం అయ్యే అవకాశం ఎక్కువ.

గుండ్రటి పురుగులను వేడి 70 శాతం ఆల్కహాల్‌లో వేస్తే తిన్నగా సాగుతాయి, అయితే బతికున్నప్పుడే. చచ్చినవాటిని బలవంతంగా సాగదీస్తే పగులుతాయి. లాక్టోఫినాల్ ద్రవంలో ఉంచి పారదర్శకంగా అయ్యాక చూడండి. అన్నవాహిక చివర చిన్న ఉబ్బు, అంటే వెంట్రిక్యులస్, ఉంటే టాక్సోకారా, లేకపోతే టాక్సాస్కారిస్. ఆడ పురుగు అయితే గుడ్లు చూడండి: టాక్సోకారా గుడ్డు పెంకు గుంటలు గుంటలుగా, టాక్సాస్కారిస్‌ది నున్నగా.

తలా తోకా స్లైడుకి, మధ్య ముక్క నేరుగా శుద్ధ ఆల్కహాల్‌లోకి. రెండు సీసాల మీదా ఒకే నంబరు. డీఎన్ఏ చూడదలిచిన ముక్కకు ఫార్మాలిన్ తగలనివ్వకండి.

కత్తెర:
అందరూ పేగు దగ్గరే ఆగిపోతారు. ఊపిరితిత్తుల గొట్టాలు చివరిదాకా చీల్చండి, క్రెనోసోమా అనే గుండ్రటి పురుగు అక్కడుంటుంది. గుండె కుడి భాగమూ ఊపిరితిత్తుల ధమనులూ తెరిచి కడగండి, యాంజియోస్ట్రాంజిలస్ వాసోరమ్ అనే మరో గుండ్రటి పురుగు కోసం. మూత్రాశయం లోపలి పొర మీద వెంట్రుకల్లాంటి పియర్సనీమా ప్లికా ఉండొచ్చు. వీజిల్ (ముంగిసలా కనిపించే చిన్న మాంసాహారి) కుటుంబపు జంతువులైతే పుర్రె తప్పనిసరి: స్క్రియాబింగైలస్ నేసికోలా అనే గుండ్రటి పురుగు నుదుటి సైనస్‌లలో ఉండి ఎముకను ఉబ్బించి, చిల్లులు పెడుతుంది. మ్యూజియంలోని ఎండు పుర్రెల్లో కూడా ఆ గుర్తులు కనిపిస్తాయి.

జీర్ణాశయంలో ఎలుక బొచ్చుతో కలిసి, సగం అరిగిన పురుగు కనిపిస్తే అది ఎలుకదే కావచ్చు. అలాగే మలంలో కాలోడియం హెపాటికం (కాలేయంలో ఉండే గుండ్రటి పురుగు) గుడ్లున్నాయంటే ఆ జంతువు ఎలుక కాలేయం తినడం వల్ల కూడా కావచ్చు. వీటిని జాబితాలో కలిపేస్తే ఆ జంతువుకు లేని పరాన్నజీవిని అంటగట్టినట్టే.

తేటనీరు:
మైనస్ 80కి మారుస్తాం. 30 కళేబరాల్లో ఒక్క ఎకినోకాకస్ కూడా కనబడలేదు. లేదని రాయొచ్చా?

మడ్డిగిన్నె:
రాయొద్దు. 30కి సున్నా అంటే, 95 శాతం విశ్వాసంతో, అసలు వ్యాప్తి సుమారు 10 శాతం దాకా ఉండొచ్చని అర్థం. 3ని నమూనాల సంఖ్యతో భాగిస్తే ఆ పైహద్దు వస్తుంది. అదీ పైన చెప్పినట్టు మడ్డి చూసినవాటికే వర్తిస్తుంది. ఊరికే చీల్చి చూసినవాటిని ఆ 30లో కలపకండి.