ఆ వీధిలో జనమంతా ఏమయ్యారు?

ప్రశ్న: ఫొటోగ్రఫీ తొలినాళ్ల ఫ్రెంచివాడు డాగెర్ 1838లో పారిస్‌లో తీసిన బులెవార్ దు తాంప్ల్ ఫొటో చూశాను. పట్టపగలు, అంత పెద్ద వీధిలో ఒక్క బండీ లేదు! మూలన ఒకాయన మాత్రం కాలెత్తి నిలబడ్డాడు. కర్ఫ్యూనా ఏంటండీ?

జవాబు: జనం ఉన్నారండీ, నడుస్తున్నారు. అప్పట్లో ఫొటోని, వెండిపూత రాగిరేకుకి వెలుగు సోకితే బొమ్మ పడేలా అయోడిన్ ఆవిరి పట్టించి, దాని మీద తీసేవారు. బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది, కదిలేవాళ్లు పడరు. ఆయన బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదల్లేదు, మిగిలాడు. అన్నట్టు, ఆ రేకు మీద కుడిఎడమలు తారుమారు.

మరో జవాబు: మా తాతగారు నల్లగుడ్డ కప్పుకుని, లెన్సు మూత తీసి ‘ఒకటి, రెండు’ లెక్కపెట్టేవారు. అత్తయ్య పెళ్లి ఫొటోలో చిన్నాన్నకి రెండు తలలు. చీమ కుట్టిందట!

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడు పెద్దది చేసి చూశా. పాలిష్ చేసేవాడూ ఉన్నాడు, మసగ్గా. చేతులాడుతున్నాయిగా మరి.