అప్‌డేట్: కెమెరా కొన్నాను, ఫిల్టరే సరిపోలేదు
డబ్బంతా కెమెరా బాడీకే (లెన్సు లేని కెమెరాకే) పెట్టాలా, లెన్సుకు కొంత మిగుల్చుకోవాలా అని గత నెల నేను అడిగిన ప్రశ్నకు, బాడీ సాధారణమైనదైనా ఫర్వాలేదని మీలో ఎక్కువమంది సలహా ఇచ్చారు. ఆ ప్రకారమే ఒకరు వాడిన కానన్ 1500డిని దానితో వచ్చే 18-55 కిట్ లెన్సుతో సహా తీసుకుని, మిగిలిన సొమ్ముతో జూమ్ లేని, తక్కువ వెలుతురులోనూ పనికొచ్చే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు కొన్నాను.

పొరపాటు ఫిల్టర్ దగ్గర జరిగింది. కిట్ లెన్సు మీద 18-55 అని ఉండటం చూసి దుకాణదారు 55 ఎంఎం యూవీ ఫిల్టర్ (లెన్సు ముందు బిగించే గాజు) చేతిలో పెట్టారు; ఇంటికి వచ్చి బిగించబోతే మర పట్టలేదు. ఆ 55 ఫోకల్ లెంగ్త్ (లెన్సు ఎంత దగ్గరగా చూపిస్తుందో తెలిపే అంకె) అనీ, ఫిల్టర్ కొలత లెన్సు ముందు అంచున, అడ్డగీత కొట్టిన సున్నా పక్కన, 58 అని విడిగా రాసి ఉందనీ అప్పుడే గమనించాను. ఫిల్టర్ మార్చి ఇచ్చారు గానీ, దానితోపాటు ముఖం కూడా మార్చుకున్నారు.

ఈ కెమెరాలో బొమ్మను పట్టే సెన్సర్ చిన్నది కావడం వల్ల 50 ఎంఎం లెన్సు 80 ఎంఎం లాగా దగ్గరగా చూపిస్తుందన్న మీ హెచ్చరిక నిజమే. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసే చేతులను తీయడానికి అదే కలిసొచ్చింది. కైలాసగిరి కొండ మీది నుంచి తీరమంతా పట్టాలంటే మాత్రం కిట్ లెన్సే దిక్కు.

ఏసీ గదిలోంచి తీసిన కెమెరాతో తెల్లవారుజామున నేరుగా ఆర్కే బీచ్‌కు వెళ్తే, తేమకు లెన్సు మసకబారి సూర్యోదయం చేజారింది. ఇప్పుడు బ్యాగును మూసే ఉంచి, అరగంట బయట పెట్టాకే తెరుస్తున్నాను. ట్రైపాడ్‌ను వాయిదా వేసి, ఫంగస్ పట్టకుండా గాలి చొరబడని డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్ కొన్నాను.