చిత్రిక పట్టారా, తరిమెన పట్టారా?

ప్రశ్న: ఒక వీడియోకి తెలుగు వ్యాఖ్యానం రాస్తున్నాను. అప్పుడే నరికిన దుంగను లేత్‌కి బిగించి గిన్నె తీస్తున్నారు. ఇంగ్లీషులో "గ్రీన్ వుడ్" అని ఉంటే, అంటే ఇంకా ఆరని కర్ర, యంత్రానువాదం దాన్ని "ఆకుపచ్చ కలప" చేసింది, అది సరిదిద్దాను. "పచ్చికర్రను చిత్రిక పట్టి గిన్నె చేశారు" అంటే సరిపోతుందా?

వడ్రంగిపిట్ట: పచ్చికర్ర సరే, చిత్రిక కుదరదమ్మా. బల్లచెక్కను నున్నచేసే పనిముట్టు అది. చెక్క కదలకుండా ఉంటుంది, చిత్రిక దానిమీద నడుస్తుంది. గిన్నె తీసేటప్పుడు కర్రే తిరుగుతుంది, ఉలిని దానికి ఆనిస్తారు. దాన్ని తరిమెన పట్టడం అంటారు. తరిమెన అంటే లేతే. మంచం కోళ్లు, కుంకుమ భరిణెలు, బొంగరాలు తరిమెన పట్టినవే. (సమీక్షల్లో "జీవితాన్ని చిత్రిక పట్టిన కథ" అని రాసేవాళ్లలో ఎందరు బొమ్మ గీయడం అనుకుంటున్నారో! దాని సంగతి ఇంకోరోజు.)

తూర్పుగాలి: పాత నిఘంటువుల్లో ఉంది సరే, తరిమెన ఇప్పుడు ఎవరికి అర్థమవుతుందండీ? ఏటికొప్పాక లక్కపిడతలే తీసుకోండి. ఒకప్పుడు ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. మోటార్లు వచ్చాక ఎక్కడ విన్నా లేత్ అనే మాటే. పని మాత్రం అదే: తిరుగుతున్న అంకుడు కర్రకి రంగు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే అక్కడ కర్ర ఆరాకే పని మొదలు. భరిణెకి మూత పట్టాలి కదా.

వడ్రంగిపిట్ట: అసలు తిప్పలు అక్కడే. పచ్చిదైతే ఉలి హాయిగా దిగుతుంది, దుమ్ము లేవదు, పొట్టు పొడవాటి రిబ్బన్లలా ఊడి వస్తుంది, మొహం మీద చెమ్మ చిమ్ముతుంది. ఆరేటప్పుడు మాత్రం కర్ర అన్నివైపులా ఒకేలా ముడుచుకోదు. దుంగను అడ్డంగా కోస్తే కనిపించే వలయాల వెంబడి ముడుచుకునేది, దుంగ నడిబొడ్డు నుంచి బయటికి ముడుచుకునేదానికి ఇంచుమించు రెట్టింపు. గుండ్రంగా తీసిన గిన్నె కోలగా అయిపోతుంది. నడిబొడ్డు అందులో ఉండిపోయిందా, నెర్రె ఖాయం. అందుకే దుంగను నిలువునా రెండుగా చీల్చి, నడిబొడ్డు తీసేస్తారు. 10 అంగుళాల గిన్నెకి అంగుళం మందం అంచు వదిలి, నెలల తరబడి నీడన ఆరనిచ్చి, మళ్లీ తరిమెనకెక్కించి గుండ్రం చేస్తారు. కొందరు ఒకేసారి పలచగా తీసేసి, ఎటు వంకర పోతే అటు పోనిస్తారు. నాకు అవే ఇష్టం.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. వీడియోలో కూడా గిన్నెని రెండుసార్లు ఎక్కించారు, ఎందుకో ఇప్పుడు తెలిసింది. "పచ్చిమాను" అనొచ్చా?

తూర్పుగాలి: మాను నిలబడి ఉంటుందండీ. కొట్టాక దుంగ. "పచ్చిదుంగ" అనండి.

ప్రశ్న అడిగినవారు: సరే, "పచ్చిదుంగను తరిమెన పట్టి గిన్నె తీశారు" అని మార్చాను. మా ఆఫీసులో కుర్రాడు చదివి, "దుంగను తరిమేశారా మేడమ్?" అన్నాడు.

వడ్రంగిపిట్ట: మొదటిసారి "తరిమెన, అంటే లేత్" అని చెప్పి వదిలేయండమ్మా. రెండోసారికి అతనే వాడతాడు.

తూర్పుగాలి: వాడడు. పందెం.